కొండయ్య చెంపకు నచ్చిన మట్టి

ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు. పిల్లనిచ్చేవాడు వంశం చూస్తాడు. ఓటు వేసేవాడు ఏం చూస్తాడో వేసేవాడికే తెలియదు. ప్రొద్దుటూరులో విగ్రహాలు చేసే కొండయ్య మాత్రం ఏ మట్టినైనా నాలుక మీద వేసుకోనిదే నమ్మడు. చిటికెడు తీసి నాలుక చివర పెట్టుకుంటాడు, కళ్లు మూసుకుంటాడు, ఇక అంతే. మనిషి మన ముందే కూర్చుని ఉంటాడు గానీ మనతో ఉండడు. ఏ వాగు వెంబడి, ఏ మబ్బు వెనకాల పోయాడో తెలియదు. పక్కనున్నవాళ్లు బీడీ ముట్టించుకుని, అది అయిపోయాక ఇంకొకటి ముట్టించుకుని ఎదురుచూడాలి.

అట్లా ఎదురుచూసి ఎదురుచూసి సర్దార్‌కు బీడీలు అలవాటయ్యాయి. కువైట్‌లో నాలుగేళ్లు ఉన్నా అంటని అలవాటు, కొండయ్య షెడ్డులో నాలుగు నెలల్లో అంటుకుంది.

"ఏం చెప్తాండాది మామా, మట్టి?" అని అడిగేవాడు, ఆయన కళ్లు తెరిచాక.

"శానా దూరం నడిచొచ్చింది సర్దారూ. యాడో కన్నడ దేశంలో వాన చూసింది. అలిసిపోయి ఉండాది పాపం."

"అలిసిపోయిన మట్టి మనకు పనికొస్తాదా, రాదా?"

"ఒక వారం పండుకోనీ. మనిషైనా మట్టైనా నిద్ర లేకుంటే చెప్పిన మాట వినదు."

ఆ వారమంతా మట్టికి తడిగోనె కప్పి ఉండేది. దాని పక్కన ఎవరైనా గట్టిగా మాట్లాడితే కొండయ్య వేలు పెదాల మీద పెట్టుకుని కసిరేవాడు. ఆయన భార్య బాలనాగమ్మ మధ్యాహ్నం సద్దిగిన్నె తెచ్చి ఆ గోనెను చూసి మూతి తిప్పేది. "నా కూరలో ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా ఈ మనిషికి తెల్దు. మూడామడల అవతల మట్టిలో ఉప్పుంటే మాత్రం ఈడ కూర్చోని చెప్తాడు" అనేది.

కొండయ్యది గొర్రెలు మేపుకునే ఇల్లు. చిన్నప్పుడు మందతో పాటు పెన్న ఒడ్డంతా తిరిగాడు. గొర్రెలు గడ్డి తింటూ ఉంటే ఈయన మట్టి తింటూ ఉండేవాడని ఊళ్లో ఒక మాట. తిన్న మట్టితోనే గొర్రెలను చేసేవాడు. ఒకసారి ఎండలో ఆరబెట్టిన మట్టిగొర్రెను చూసి నిజం గొర్రెపిల్ల ఒకటి తల్లి అనుకుని పక్కన పడుకుందట. అది నిజమో కాదో గానీ, చెప్పేటప్పుడు కొండయ్య కళ్లు మెరిసే తీరు చూస్తే నమ్మకుండా ఉండలేం.

ఇక సర్దార్ సంగతి. కువైట్‌లో గోడలకు, పైకప్పులకు అలంకారాలు పోతపోసే కంపెనీలో సిలికాన్ రబ్బరుతో అచ్చులు తీసే పని నేర్చుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అందరూ దుప్పట్లు, టేపురికార్డర్లు, అత్తరు సీసాలు తెచ్చుకుంటే, ఈయన ఒక పెద్ద డబ్బా సిలికాన్ తెచ్చుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత ఇల్లు చేరితే, ఆయన పోయినప్పుడు ఒళ్లో ఉన్న కూతురు ఆయన్ను చూసి వారం రోజులు తలుపు వెనక దాక్కుంది. ఎనిమిదో రోజు మెల్లగా వచ్చి, "నువ్వు మళ్లీ ఎప్పుడు పోతావు?" అని అడిగింది. ఆ పూటే సర్దార్ నిర్ణయించుకున్నాడు, ఇక పోకూడదని. పోకుండా ఉండాలంటే ఆ డబ్బా ఇక్కడే అన్నం పెట్టాలి. కొండయ్య షెడ్డు ముందున్న "విగ్రహములు చేయబడును" అనే బోర్డు కింద తానే రంగు కొని, "గల్ఫ్ రబ్బరు అచ్చు సౌకర్యం కలదు" అని రాసుకున్నాడు.

ఆ పని చూడ్డానికి సులువే. మట్టితో ముఖం చేస్తే, దాని మీద సిలికాన్ పూత పూయాలి. గట్టిపడ్డాక చర్మంలాగా ఊడి వస్తుంది. అదే అచ్చు. అందులో ఫైబర్ పోత పోసుకుంటే ఒక్క ముఖానికి ఎన్ని విగ్రహాలైనా తీయొచ్చు. అయితే ఆ సిలికాన్‌కు కొత్తల్లుడంత పౌరుషం. కింది మట్టిలో గంధకం పిసరంత ఉన్నా అలుగుతుంది, ఎన్నాళ్లైనా గట్టిపడదు. ఉప్పున్నా, మట్టి పగిలినా అచ్చు చెడుతుంది. అందుకే కొండయ్య నాలుకంటే సర్దార్‌కు గౌరవం. ఆ నాలుక గంధకాన్ని గడప అవతలే పసిగట్టేది.

సెల్‌ఫోను ఇంకా పెద్దవాళ్ల జేబుల్లోనే ఉన్న రోజులవి. జమ్మలమడుగు దారిలో పెన్న ఒడ్డున ఒక ఊరు. పేరెందుకులెండి, ఇప్పుడక్కడ అందరూ బాగానే ఉన్నారు. ఆ ఊళ్లో రెండు పార్టీలు, వాటికి ఇద్దరు నాయకులు. జెండాలు అప్పుడప్పుడు మారేవి గానీ మనుషులూ, పగలూ మారేవి కావు. ఒకాయన పార్టీ మారితే రెండో ఆయన వెంటనే ఖాళీ అయిన పార్టీలోకి పోయేవాడు. ఇద్దరూ ఒకే జెండా కింద నిలబడితే బాంబులు ఎవరి మీద వేసుకోవాలో తెలియదు కదా. ఆ ఇద్దరిలో ఒకాయన్ను అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఆయన అసలు పేరు ఓటరు జాబితాలో తప్ప ఎక్కడా వినపడదు.

ఒక పొద్దున మూడు జీపులు షెడ్డు ముందు ఆగాయి. పెద్దాయన దిగాడు. ఆయన ఎక్కాల్సిన జీపులో, ఆయన కూర్చోవాల్సిన ముందు సీట్లో, గడిచిన ఏడాది ఓబులేసు అనే ఇరవై ఆరేళ్ల పిల్లగాడు కూర్చున్నాడు. ఎదుటివాళ్ల బాంబు సీటును చూసింది గానీ మనిషిని చూడలేదు. సంవత్సరీకం నాటికి వాడికి విగ్రహాలు కావాలి. ఒకటి ఊళ్లో, ఒకటి జమ్మలమడుగులో, ఒకటి పులివెందుల దారిలో.

"మీసం ఇంత ఉండాల" అని పెద్దాయన వేళ్లతో చూపించాడు.

కొండయ్య చేతిలోని ఫోటో చూశాడు. అందులో మీసం ఆవగింజలు చల్లినట్టుంది. "ఈ పిల్లోనికి మీసం ఇంగా రాలేదు గదా పెద్దాయనా?"

"ఫోటో దిగేనాటికి రాలేదప్పా. పార్టీకి ప్రాణమిచ్చినోనికి మీసం లేకుంటే ఎట్ల? కండ్లు ఎర్రగా ఉండాల. చూస్తానే ఎదుటోనికి వణుకు పుట్టాల."

సర్దార్ ఆ మాటలేవీ సరిగ్గా వినలేదు. మూడు విగ్రహాలంటే రబ్బరు అచ్చు తప్పదు. ఇది కుదిరితే జిల్లా అంతా పిలుస్తారు. కుదరకపోతే ఇంకో డబ్బా తెచ్చుకునే దారి లేదు. ఉన్న డబ్బాకు కూడా వాడాల్సిన గడువు ఆ నెలాఖరు. అంతకంటే వింత ఏమిటంటే, కువైట్ నుంచి బావమరిది అమీర్ బాషా పంపిన వీసా గడువు కూడా అదే నెలాఖరు. రెండు తేదీలనూ అల్లా ఒకే కలంతో రాసినట్టు సర్దార్‌కు అనిపించేది.

కొండయ్య పెన్న ఒండ్రుతో మొదలుపెట్టాడు. నాలుకకు నచ్చిన మట్టి, వారం పడుకుని లేచిన మట్టి. నాలుగు రోజుల్లో ఓబులేసు తల తయారైంది. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. ఐదో రోజు సర్దార్ టీ తాగడానికి పోయి వచ్చేసరికి, ఓబులేసు తల్లి యల్లమ్మ పక్కింటామె చేయి పట్టుకుని షెడ్డు నుంచి వెనక్కి పోతోంది. రెండు కళ్లకూ పొరలు కమ్మి ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. లోపల కొండయ్య బంగారం లాంటి తలను రెండు చేతులా నలిపి ముద్ద చేస్తున్నాడు.

"అయ్యో అల్లా! ఏం చేస్తాండావు మామా?"

"ఈ మట్టి బాగలేదు."

"నిన్నటిదాకా బాగుంది గదా! ఆమెకు నచ్చలేదా ఏంది? ముక్కు బాగలేదందా?"

"ముక్కు బాగుండాది. మట్టి బాగలేదు. ఇంగో మట్టి వెతకల్ల."

ఆ రోజు నుంచి కొండయ్య పరీక్షల్లో కొత్తది ఒకటి చేరింది. నాలుక మీద వేసుకున్న తర్వాత ఇంకో ముద్ద తీసి చెంపకు ఆనించుకునేవాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తల ఒకవైపు వాల్చి, కళ్లు మూసుకుని, అట్లాగే ఉండిపోయేవాడు. కొంతసేపటికి "కాదు" అనేవాడు. అంతే, ఆ మట్టి రద్దు. చెంప మీద ఎప్పుడూ ఒక మట్టి మచ్చ ఉండేది. బాలనాగమ్మ కడగమని చెప్పి చెప్పి, చివరికి అదే మొగుడి ముఖమనుకుని సర్దుకుపోయింది.

"రబ్బరుకు చెంప ఉండదు మామా! గంధకం లేకుంటే చాలు, ఉప్పు లేకుంటే చాలు" అని సర్దార్ మొత్తుకునేవాడు.

"రబ్బరుకు లేకుంటే ఏమి, నాకుంది గదా" అనేవాడు కొండయ్య.

ఇక ఇద్దరి తిరుగుడు మొదలైంది. సర్దార్ మోపెడ్ నడిపేవాడు, కొండయ్య వెనక కూర్చుని చేతిసంచిలో నుంచి మట్టి తీసి వాసన చూసుకుంటూ వచ్చేవాడు. ముందుగా గండికి పోయారు. రెండు కొండల నడుమ నుంచి పాపఘ్ని ఏరు నింపాదిగా జారుతోంది. ఆంజనేయస్వామికి దండం పెట్టి కొండయ్య నీళ్లలోకి దిగి, చిటికెడు ఒండ్రు నోట్లో వేసుకుని, ఇంకో ముద్ద చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఎండ నీళ్ల మీద ఆడుతోంది, గాలికి గుడి గంట ఒకటి తనంతట తానే ఊగుతోంది. సర్దార్‌కు కూడా ఎందుకో ఆ పూట నెలాఖరు అనేది లోకంలో లేనట్టే అనిపించింది. అంతలో చూస్తే కొండయ్య వెనక పదిమంది యాత్రికులు వరసకట్టి, తలా ఒక చిటికెడు ఒండ్రు నోట్లో వేసుకుని, మిగిలింది చెంపలకు పూసుకుంటున్నారు. కొత్త మొక్కు ఏదో వచ్చిందనుకున్నారు.

"ఏం ఫలమొస్తాది సామీ దీనికి?" అని ఒకామె అడిగింది.

"నాకింగా రాలేదమ్మా. ఇది కూడా కాదు" అని కొండయ్య మోపెడ్ ఎక్కాడు.

తుమ్మలపల్లె దగ్గర భూమిలో యురేనియం ఉందేమో చూడ్డానికి వచ్చిన సర్కారువాళ్లు మట్టిని చిన్న చిన్న సంచుల్లో కట్టి, చీటీలు అంటిస్తున్నారు. వాళ్లను చూసి కొండయ్యకు తప్పిపోయిన అన్నదమ్ములు కనిపించినంత ఆనందమైంది. "మీరూ మట్టి వెతుకుతాండారా సార్? ఏ విగ్రహానికి?" అన్నాడు.

"విగ్రహానికి కాదండీ, పరీక్షకు పంపుతున్నాం" అన్నాడు కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు.

"నోట్లో వేసుకోకుండా ఏం పరీక్ష సార్?" అంటూ కొండయ్య చేయి సంచిలోకి పోయింది. ఆఫీసరు గబుక్కున ఆ చేయి పట్టుకుని, బతిమాలి, టీ ఇప్పించి పంపాడు. కొండయ్య పోతూ పోతూ ఒక గడ్డను చెంపకు ఆనించుకుని చూశాడు. అది కూడా కాదు. వల్లూరు నల్లరేగడి నాలుకకు వెన్నలాగా తగిలింది. చెంప మాత్రం ఒప్పుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు పొద్దు వాలుతోంది, సెనగ చేల మీద పచ్చటి వెలుతురు పరుచుకుంది. కొండయ్య వెనక కూర్చుని తనలో తానే నవ్వుకుంటున్నాడు. సర్దార్‌కు ఏడుపొస్తోంది.

ఓపిక పోయి సర్దార్ ఒక తప్పు చేశాడు. ప్రొద్దుటూరు బజారులో స్కూలు పిల్లలు ఆడుకునే రంగుల మైనం మట్టి అమ్ముతారు. అది కొని, ఒక చిన్న ముఖం చేసి, డబ్బాలో నుంచి నాలుగో వంతు రబ్బరు తీసి దాని మీద పోశాడు. మరునాటికి గట్టిపడాలి. నాలుగు రోజులు గడిచినా బెల్లం పాకంలాగా సాగుతూనే ఉంది. ముట్టుకుంటే వేలికి, వేలి నుంచి చొక్కాకు, చొక్కా నుంచి భార్య హజరాబీ చీరకు అంటుకుంది. కొండయ్య ఆ మట్టిని నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. "గంధకం" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే సర్దార్‌కు కొంచెం బాగుండేది. మిగిలిన రబ్బరు ఒకే ఒక్క తలకు సరిపోతుంది. తప్పు చేయడానికి ఇక తావు లేదు.

ఆ వారంలోనే పెద్దాయన మనిషిని పంపించాడు. ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఓబులేసు ఊరి మట్టిలో పుట్టినోడు కాబట్టి ఊరి మట్టితోనే చేయాలట. మైకులో చెప్పుకోవడానికి బాగుంటుంది. ఇద్దరినీ పిలిపించి, తన ఇంటి వెనక గడ్డివాము పక్కన గునపంతో తవ్వించాడు. "మా ఊరి మట్టి చూడప్పా. రుచి చూడు. చెప్పు పదిమందికీ" అన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు కూడా.

కొండయ్య చిటికెడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మూసుకున్నాడు. తెరిచి, పక్కకు ఉమ్మి, అందరికీ వినపడేలా, "గంధకం. శానా ఉండాది" అన్నాడు.

నాటుబాంబుల్లో ఏం పడుతుందో అక్కడున్న పదిమందికీ తెలుసు. అవి ఎక్కడ పాతిపెట్టి ఉన్నాయో అందులో ఎనిమిదిమందికి తెలుసు. కొండయ్య ఒక్కడికే ఏమీ తెలియదు. "ఈడ ఇంగా లోపలికి పోతే ఎక్కువుంటాదేమో చూద్దామా?" అని గునపం అందుకోబోయాడు.

"వద్దు!" అని పదిమందీ ఒకేసారి అరిచారు.

పెద్దాయన నుదురు తుడుచుకున్నాడు. "ఊరి మట్టి కావల్లని ఎవరన్నారప్పా? నేనన్నానా? నీకు యాడిది నచ్చితే ఆడిది తీసుకో. అయితే మీసం ఇంత ఉండాల" అన్నాడు. ఈసారి మీసం వేళ్లు దాటి మణికట్టు దాకా పోయింది.

ఈ వార్త పోలీసులకు ఎట్లా చేరిందో గానీ రెండో రోజుకల్లా ఒక ఎస్సై షెడ్డుకు వచ్చాడు. కుర్చీ వేయించుకుని, "కొండయ్యా, నీ నాలుకతో ప్రభుత్వానికి పనుంది. నాలుగు ఊళ్లు తిరిగి నాలుగు వాములు రుచి చూస్తే చాలు" అన్నాడు. కొండయ్య చేతులు కట్టుకుని, "విగ్రహం పని లేకుంటే నా నాలుకకు మట్టి రుచి తెల్దు సార్. కావల్లంటే మా ఇంటామెను అడగండి, కూరలో ఉప్పు కూడా తెల్దు" అన్నాడు. ఏళ్ల తరబడి మొగుడి మీద చెప్పిన పితూరీ ఆయన్ను కాపాడే సాక్ష్యమైందని బాలనాగమ్మ సంబరపడింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో కొండయ్య మోపెడ్ కనపడితే చాలు, గడ్డివాములు చోటు మారేవని చెప్పుకునేవాళ్లు.

నెలాఖరుకు పది రోజులుంది. సర్దార్ ఇంట్లో ప్రయాణం పెట్టె అటక మీది నుంచి కిందికి దిగింది. హజరాబీ పెట్టె దుమ్ము తుడిచేటప్పుడు దాని మీద కొంచెం ఎక్కువసేపు చేయి ఉంచింది. ఆ మధ్యాహ్నం కొండయ్య వాళ్లింటికి వచ్చాడు. హజరాబీ పరోటాలకు పిండి కలిపి, నూనె వేసి మర్దిస్తూ ఉంది. కొండయ్య అక్కడే ఆగిపోయి చూశాడు. వంగి, ఆమె చేతిలోని ముద్దను తీసుకుని, చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"మామా, అది పరోటా పిండి" అంది హజరాబీ.

కొండయ్య ముఖమంతా నెమ్మదిగా విచ్చుకుంది. చెంప మీది పాత మట్టి మచ్చ పక్కన తెల్లగా ఇంకో మచ్చ పడింది.

"సర్దారూ! ఇన్నాళ్లూ నీళ్లలో వెతికినాం. నీళ్లు కాదు, నూనె!" అని అరిచి పిండిముద్దతోనే బయటికి పరిగెత్తాడు. ఆ పూట హజరాబీ మళ్లీ పిండి కలపాల్సి వచ్చింది.

పెన్న ఒండ్రునే ఎండబెట్టి, దంచి, పలుచటి గుడ్డలో జల్లించారు. తేనెమైనం కరిగించారు. అందులో ఆముదం పోశారు. జల్లించిన మట్టిని కొంచెం కొంచెంగా వేసి, చేతులు నొప్పులు పుట్టేదాకా పిసికారు. ఆరని మట్టి, పగలని మట్టి. గంధకం లేదు, ఉప్పు లేదు. సర్దార్ గోరంత రబ్బరు దాని మీద వేసి చూస్తే మరునాటికి బుద్ధిగా గట్టిపడి, ఉల్లిపొరలాగా ఊడి వచ్చింది. కొండయ్య నాలుక మీద వేసుకుని ఆముదానికి ముఖం వికారంగా పెట్టాడు. చెంపకు ఆనించుకుని మాత్రం చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. "ఇదే" అన్నాడు. మూడు రోజుల్లో ఓబులేసు తల మళ్లీ లేచింది. పెద్దాయన అడిగిన మీసంతో సహా.

"ఇంగ రబ్బరు పోద్దాం మామా. వారం కూడా ల్యా."

"ఒక్క పూట ఆగు. నువ్వు పోయి యల్లమ్మక్కను మోపెడ్ మీద పిలుచుకోని రా."

సర్దార్ చూపు డబ్బా మీదికి పోయింది. మళ్లీ ఆమెకు నచ్చకపోతే? అయినా పోయాడు, తీసుకొచ్చాడు. కొండయ్య అంతలో తలను ఎండలో పెట్టి, రెండు చేతులతో నిమురుతూ కూర్చున్నాడు. ఆమె రాగానే చేయి పట్టుకుని ఆ చెంప మీద పెట్టించాడు.

యల్లమ్మ వేళ్లు భయం భయంగా తగిలి, ఆగిపోయి, మళ్లీ తగిలాయి. తర్వాత రెండు అరచేతులూ ఆ ముఖాన్ని చుట్టుకున్నాయి.

"ఎచ్చగుండాడు" అంది.

"ఆ పొద్దు తాకితే సల్లగా తగిలినాడప్పా" అంది ఆమె, ఎవరితో అన్నట్టు కాకుండా. "ఆసుపత్రిలో చివరిసారి తాకినప్పుడు ఎట్ల తగిలినాడో అట్లనే. ఆ మాట ఈ కొండయ్యకు ఒక్కనికే చెప్పి ఇల్లు చేరినా. ఈ పొద్దు ఎచ్చగుండాడు. ఆముదం వాసన కూడా వస్తాండాది. చిన్నప్పుడు తలకు పెడితే ఊరంతా పరిగెత్తించేటోడు."

సర్దార్ గిరుక్కున కొండయ్య వైపు తిరిగాడు. గండి, తుమ్మలపల్లె, వల్లూరు, ఇన్ని రోజుల తిరుగుడు, రోజూ "కాదు, కాదు" అన్న ఆ చెంప, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. సిలికాన్‌కు పనికొచ్చే మట్టి మొదటి రోజే దొరికింది. ఆయన వెతికింది తల్లి చేతికి పనికొచ్చే మట్టి. సర్దార్‌కు ఆయన్ను కౌగిలించుకోవాలనిపించింది, ముందే చెప్పనందుకు రెండు తన్నాలని కూడా అనిపించింది. కొండయ్య మాత్రం తప్పు చేసి దొరికిపోయినవాడిలాగా నేల చూపులు చూస్తూ చెంప గోక్కుంటున్నాడు.

అంతలో యల్లమ్మ వేళ్లు మీసం దగ్గరికి చేరాయి. "ఇదేంది ఇది?"

"మీసమక్కా. పెద్దాయన పెట్టమన్నాడు."

"ఎవరికి పెట్టమన్నాడు? మా వానికా? ఇంత పెంచి ఉంటే నేను చెవి మెలేసి మంగలి దగ్గరికి ఈడ్చుకోని పోయేదాన్ని కాదూ!" అంటూ ఒక్క లాగు లాగింది. మెత్తటి మట్టి కదా, మీసం మొత్తం ఆమె చేతికొచ్చింది. దాన్ని ఉండ చేసి పక్కన పడేసింది. "నోరు మూయించినావేందప్పా? వాడు నోరు మూసుకోని యానాడుండాడు? ముందరి పన్ను కొంచెం బయటికుంటాది, ఎప్పుడూ ఇకిలిస్తానే ఉంటాడు. తెరిపియ్యి."

ఆ మధ్యాహ్నమంతా ఆమె చెప్పింది, కొండయ్య చేశాడు. ఆమె తడిమి కాదంది, ఆయన సరిచేశాడు. పొద్దు గూకేసరికి షెడ్డులో ఓబులేసు పన్ను చూపించి నవ్వుతున్నాడు. సర్దార్ బిస్మిల్లా అని డబ్బా మూత తీశాడు. రబ్బరు పట్టింది. ఎంత బాగా పట్టిందంటే పంటి పక్కన సందు కూడా అచ్చులో వచ్చింది.

సంవత్సరీకం రోజు ఊరి నడుమ పందిరి, మైకులు, జెండాలు, రెండు వ్యానుల పోలీసులు. "ఓబులేసు అమర్ రహే" అని గొంతులు చించుకుంటుండగా పెద్దాయన తాడు లాగాడు. గుడ్డ జారింది. నినాదం సగంలో ఆగిపోయింది. జిల్లాలో ఎన్ని విగ్రహాలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, నవ్వే విగ్రహం మాత్రం ఇదొక్కటే. ముందు వరసలో ఎవరో, "ఓరి, ఓబులేసే!" అన్నారు. ఇంకెవరో, వాడు పెండ్లిలో లడ్డూలు దాచిన సంగతి ఎత్తుకున్నారు. చూస్తుండగానే సభ అంతా వాడి కోతిచేష్టల కథలతో నిండిపోయింది. మిద్దె మీద నుంచి చూస్తున్న ఎదుటి పార్టీవాళ్లలో కూడా ఒకరిద్దరు నవ్వారని, ఆ లడ్డూలు తిన్నవాళ్లలో వాళ్లూ ఉన్నారని తర్వాత తెలిసింది.

పెద్దాయన మైకు పక్కకు తిప్పి, పళ్లు కొరుకుతూ, "మీసం యాడప్పా?" అన్నాడు.

కొండయ్య మెల్లగా వంగి, దిమ్మె పక్కన నేల మీది మట్టి చిటికెడు తీసి, నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన చూపు రెండు పోలీసు వ్యానుల మీదికి పోయింది, మళ్లీ కొండయ్య నాలుక మీదికి వచ్చింది. కొండయ్య నోరు తెరవబోయేలోపు ఆయన మైకు లాక్కుని, "మీసమనేది మొగం మీద కాదప్పా, గుండెలో ఉండాల!" అని గర్జించాడు. చప్పట్లు మోగాయి.

"మామా, నిజంగా ఉందా గంధకం?" అని సర్దార్ చెవిలో అడిగాడు.

"ల్యా. నీళ్లు చల్లినారు, ఉత్త దుమ్ము వాసన" అన్నాడు కొండయ్య, అమాయకంగా. ఆయన తెలిసే చేశాడో, అలవాటుగా చేశాడో సర్దార్ ఈనాటికీ తేల్చుకోలేకపోయాడు.

వీసా గడువు అట్లాగే దాటిపోయింది. పెట్టె మళ్లీ అటక ఎక్కింది. సర్దార్ కూతురికి ఇక నాన్న ఎప్పుడు పోతాడన్న బాధ లేకపోయింది, సాయంత్రం షెడ్డు నుంచి తొందరగా రాడనే కోపం మిగిలింది. అచ్చు తీసేటప్పుడు మట్టి తలకు ముక్కు కొసన చిన్న పెచ్చు ఊడితే, కొండయ్య దాన్ని సరిచేసి, తల మొత్తం యల్లమ్మకు ఇచ్చేశాడు. అది ఆమె ఇంట్లో కిటికీ పక్కన, పొద్దుటి ఎండ పడేచోట ఉంటుంది.

నెలకొకసారి కొండయ్య, సర్దార్ మోపెడ్ మీద ఆ ఊరికి పోవాల్సిందే. ఆరని మట్టి కదా, ఆమె రోజూ పొద్దున్నే ఓబులేసు చెవి మెలేసి నాలుగు తిడుతుంది. తిట్టిన కొద్దీ కుడిచెవి సాగుతుంది. కొండయ్య దాన్ని మళ్లీ మామూలుగా చేసి వస్తాడు.

"ఏందక్కా, ఈ నెల భుజం దాకా వచ్చింది చెవి! తిట్లు కొంచెం తగ్గియ్యి" అన్నాడు ఒకసారి పోయినప్పుడు.

"నన్నంటావేందప్పా!" అని యల్లమ్మ కసిరింది. "వాడు చెప్పిన మాట వింటే గదా!"